స్విమ్మింగ్ పూల్ మోటారుకు గాలి పడుతోంది, ఎక్కడ వెతకాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చంద్రగిరి దగ్గర మామిడి తోటలో గెస్ట్‌హౌస్. 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు పూల్. ఒక హెచ్‌పీ మోటారు, ఇసుక ఫిల్టరు. షెడ్డు నీటిమట్టం కంటే మూడడుగులు ఎత్తులో ఉంది. నెల రోజులుగా పొద్దున మోటారు వేస్తే నీళ్లు ఎత్తుకోవడానికి అరగంట పడుతోంది. ఎత్తుకున్నాక కూడా ఇన్‌లెట్ల నుంచి, అంటే నీళ్లు తిరిగి పూల్‌లోకి వచ్చే రంధ్రాల నుంచి, బుడగలు ఆగడం లేదు. మోటారు ముందు చెత్త పట్టే బుట్ట ఉన్న గిన్నె ఉంటుందే, ఆ స్ట్రెయినర్ మూతలోంచి చూస్తే పైసగం గాలే. మెకానిక్ వచ్చి మోటారు వీకైంది, కొత్తది వేయాలన్నాడు. వేయమంటావా అన్నా, అని అడిగావు.

వద్దు. ఇప్పుడే వద్దు. మోటారు అరిగిపోతే నీళ్లు తక్కువ తోస్తుంది, శబ్దం చేస్తుంది, వేడెక్కుతుంది. అంతేగానీ గాలిని పుట్టించదు. నీ మూతలో కనిపించే గాలి ఎక్కడో బయటి నుంచే వస్తోంది. ఆ దారి మూయకుండా కొత్త మోటారు పెడితే అది కూడా అదే గాలి పీలుస్తుంది.

పూల్ నుంచి మోటారు దాకా వచ్చేది సక్షన్ పైపు. మోటారు తిరుగుతున్నంతసేపూ దాని లోపల పీల్పే ఉంటుంది. అక్కడ సందు ఉంటే నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. కొబ్బరి బోండాంలో వేసిన స్ట్రా చీలి ఉందనుకో. బయటికి ఒక్క చుక్క కారదు, నోట్లోకి మాత్రం సగం గాలి వస్తుంది. మోటారు దాటాక డెలివరీ వైపు పరిస్థితి తిరగబడుతుంది, అక్కడ సందుంటే నీళ్లు చిమ్ముతాయి. అందుకే నీ ప్రశ్నలో నాకు పనికొచ్చిన మాట 'ఎక్కడా లీకేజీ లేదన్నా, షెడ్డంతా పొడిగా ఉంది' అన్నదే. పొడిగా ఉందంటే సందు మోటారుకు ముందే ఉంది. తడి కోసం వెతికేవాళ్లకు అది జన్మలో దొరకదు.

వెతకడం మొదలుపెట్టేలోపు ఒక పని మానేయ్. అరగంటసేపు ఖాళీ మోటారు తిప్పొద్దు. మోటారు ఇరుసు దగ్గర నీళ్లు కారకుండా ఆపే మెకానికల్ సీల్‌ను చల్లబరిచేది నీళ్లే. నీళ్లు లేకుండా తిరిగితే సీల్ మాడిపోతుంది. మోటారు ఆపి, స్ట్రెయినర్ మూత తీసి, బకెట్‌తో నీళ్లు నిండా పోసి, మూత బిగించి అప్పుడు వెయ్యి. ఐదు నిమిషాల్లో ఎత్తుకోకపోతే ఆపేయ్. మోటారు నీటి కంటే మూడడుగులే ఎత్తులో ఉంది, తనంతట తానే నీళ్లు ఎత్తుకునే సెల్ఫ్ ప్రైమింగ్ మోటారుకు అది లెక్కలోది కాదు. అది కూడా ఎత్తలేకపోతోందంటే గాలి బాగానే పడుతోంది.

ఇంకో మాట. బుట్ట కడిగి మూత వేశాక మొదటి ఒకటి రెండు నిమిషాలు ఇన్‌లెట్లలో బుడగలు రావడం మామూలే, అది లోపల మిగిలిన గాలి. దానికి టెన్షన్ పడొద్దు. పది నిమిషాల తర్వాత కూడా వస్తుంటేనే వెతకాలి.

ముందు పూల్ దగ్గరికి వెళ్లు, షెడ్డుకు కాదు. పూల్ గోడలో పైనీళ్లనూ తేలే చెత్తనూ లాక్కునే నోరు ఉంటుందే, అదే స్కిమ్మర్. నీటిమట్టం స్కిమ్మర్ నోటికి సగం దాకా ఉందా? మన తిరుపతి వైపు ఏప్రిల్, మే ఎండలకు నీళ్లు ఎలా ఆవిరవుతాయో చెప్పక్కర్లేదు. దానికి తోడు సెలవుల్లో పిల్లలు దూకి చిమ్మేది. మట్టం తగ్గితే స్కిమ్మర్ నీళ్లతో పాటు గాలి కూడా మింగుతుంది. స్కిమ్మర్ మూత తీసి లోపల చూడు. నీళ్లు సుడి తిరుగుతూ మధ్యలో గుంట కనిపిస్తే గాలి అక్కడినుంచే. మట్టం బాగానే ఉన్నా ఒక్కోసారి స్కిమ్మర్ నోట్లో ఉండే తలుపు రెక్క పైకి ఇరుక్కుపోయి నీళ్లను అడ్డుకుంటుంది. వేలితో ఆడించి చూడు.

మామిడి తోట అన్నావు కాబట్టి బుట్టల సంగతి కూడా చెప్పాలి. పూత రాలే రోజుల్లో స్కిమ్మర్ బుట్ట గంటల్లో నిండుతుంది. అంతకంటే పాపిష్టిది చింతాకు. గట్టు మీద ఒక్క చింతచెట్టు ఉన్నా చాలు, ఆ చిన్న ఆకులు స్కిమ్మర్ బుట్ట రంధ్రాల్లోంచి జారి స్ట్రెయినర్ బుట్టలో చేరి గుజ్జులా అట్టకడతాయి. బుట్ట పూడితే దానివల్ల గాలి పుట్టదు. కానీ నీళ్లు అందక మోటారు ఇంకా గట్టిగా పీలుస్తుంది. అంతవరకూ బయటపడని చిన్న సందు కూడా అప్పుడు ఈల వేస్తుంది. రెండు బుట్టలూ కడిగాకే మిగతా పరీక్షలు చెయ్యి. మోటారులో గులకరాళ్లు పోసినట్టు శబ్దం వస్తుంటే అది మాత్రం గాలి జబ్బు కాదు, సక్షన్‌లో ఎక్కడో పూడుకుంది.

ఇప్పుడు షెడ్డు. నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం స్ట్రెయినర్ మూత కింది రబ్బరు రింగు, అదే ఓ-రింగ్, దగ్గరే తేలిపోయాయి. మూత తీసి ఓ-రింగ్‌ను చేత్తో బయటికి లాగు. గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు ఒకవైపు బల్లపరుపుగా అణిగిపోయిందేమో చూడు. గాడిలో పెట్టినప్పుడు అది గాడి అంచు కంటే కొంచెం పైకి తేలి ఉండాలి. గాడితో సమానంగా పడుకుంటే దాని పని అయిపోయినట్టే. రెండు వేళ్ల మధ్య వంచి చుట్టూ తిప్పితే సన్నని పగుళ్లు బయటపడతాయి. తర్వాత గాడిలో గోరు పెట్టి గీకు. మన బోరు నీళ్లకు తెల్లటి సున్నం పేరుకుని ఉంటుంది, పాత టూత్‌బ్రష్షుతో తోమితే పోతుంది. ఒక్క ఇసుక రేణువో ఒక్క తల వెంట్రుకో ఓ-రింగ్ మీద అడ్డంగా పడినా చాలు. ఒకసారి గంట వెతికి చివరికి ఆ గాడిలోంచి ఒక వేపపుల్ల ముక్క తీశాను, అగ్గిపుల్లంత కూడా లేదు.

కడిగాక సిలికాన్ గ్రీజు పల్చగా రాయి. వాసెలిన్ వద్దు, బేరింగ్ గ్రీజు వద్దు, వాచ్‌మన్ తెచ్చే కొబ్బరి నూనె అసలే వద్దు. నూనె జాతివి ఆ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి, నెల తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తావు. మూత చేత్తోనే బిగించు. పానా వేసి బిగిస్తే మూత చిట్లుతుంది, ఆ వెంట్రుకంత చిట్లు మళ్లీ ఇంకో సందు.

అదే స్ట్రెయినర్ గిన్నె అడుగున నీళ్లు వదిలే చిన్న ప్లగ్గు ఉంటుంది. ఎవరో ఎప్పుడో విప్పి, వాషర్ పోగొట్టి, ఊరికే తిప్పి పెట్టి ఉంటారు. దాన్ని కూడా చూడు. కంటికి కనపడని చోట ఉంటుంది కాబట్టి అందరూ మరిచిపోతారు.

ఓ-రింగ్ మార్చినా బుడగలు ఆగలేదంటే, మోటారు నోట్లో మరలు తిరిగి దిగే ప్లాస్టిక్ ముక్క, మన ప్లంబర్లు ఎంటీఏ అంటారే, దాన్ని అనుమానించు. నీ విషయంలో నాకు దీనిమీదే ఎక్కువ గురి. ఎందుకంటే కరెంటు పోయి వస్తుంటుందని, టైమరు మీద మోటారు దానంతట అదే తిరుగుతుందని రాశావు. కరెంటు పోయినప్పుడు సందులోంచి గాలి దూరి పైపులో నీళ్లు పూల్‌లోకి జారిపోతాయి. కరెంటు వచ్చాక మోటారు ఖాళీగా తిరుగుతుంది. గిన్నెలో మిగిలిన కొద్దిపాటి నీళ్లు అక్కడక్కడే గిలకొట్టుకుని వేడెక్కి మరుగుతాయి. ఆ వేడికి పీవీసీ మరలు మెత్తబడి కుంచించుకుపోతాయి. చల్లారాక పైకి చూస్తే బాగానే ఉంటుంది, లోపల మాత్రం పట్టు వదిలేసి ఉంటుంది. చేత్తో పైపును కొంచెం ఊపి చూడు, అక్కడ కదలిక తెలుస్తుంది.

దానికి పైన ఎం-సీల్ మెత్తితే కొన్నాళ్లు ఆగుతుంది, తర్వాత అదే కథ. కోసి కొత్తది వేయించు. ఎలాగూ కోస్తున్నావు కాబట్టి మోటారు ముందు ఒక యూనియన్ పెట్టించు, మళ్లీ విప్పాలంటే పైపు కోయక్కర్లేదు. టెఫ్లాన్ టేపు మరలు బిగిసే దిక్కులోనే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు అదే ఊడి వస్తుంది.

పైపుల సైజు గురించి మన ప్రాంతపు తద్దినం ఒకటుంది. ఇళ్ల ప్లంబింగ్‌లో రెండంగుళాల పీవీసీ పైపు బయటి కొలత 60.3 మిల్లీమీటర్లు. తోటల్లో డ్రిప్పుకూ బోరుకూ వాడే పైపు 63 మిల్లీమీటర్లు. చూడ్డానికి రెండూ ఒకటే. తోటలో మిగిలిన పైపు ముక్క ఉంది కదా అని పూల్ లైనులో అతికించడానికి చూస్తారు. అది ఫిట్టింగులో దిగదు. అప్పుడు కొబ్బరిమట్ట మంట మీద పైపు కాల్చి, సాగదీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి సొల్యూషన్ పూస్తారు. పొలంలో నీళ్లు తోసే పైపుకు అది నడుస్తుంది. కొంచెం కారితే చెట్టే తాగుతుంది. పీల్చే పైపుకు మాత్రం పనికిరాదు. కాల్చిన చోట పైపు గుండ్రంగా ఉండదు, ఎక్కడో ఒక మూల సొల్యూషన్ అంటదు. నీ షెడ్డులో గోధుమ రంగుకు మారిన, కొంచెం నలిగినట్టున్న అతుకు కనపడితే ముందు దాన్నే పట్టుకో.

సందును కళ్లతో పట్టే పద్ధతికి వద్దాం. మోటారు నడుస్తుండగా ఒక్కో జాయింటు మీద మగ్గుతో నీళ్లు ధారగా పోయి. నీళ్లు సందును కప్పినంతసేపు అది గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది, మూతలో బుడగలు ఆ రెండు మూడు క్షణాలు తగ్గుతాయి. ఇద్దరుంటే మేలు, ఒకరు పోయడానికి, ఒకరు మూత మీదే చూపు పెట్టడానికి. నీళ్లు పోసేటప్పుడు మోటారు టెర్మినల్ బాక్సు మీద పడకుండా చూసుకో. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, అదే ఆర్‌సీసీబీ, లేని షెడ్డులో ఈ పని చెయ్యొద్దు, నురగ ఒక్కటే వాడు.

నురగ అంటే గడ్డం గీసుకునే షేవింగ్ ఫోమ్. నాకు దీనికి మించిన పరికరం లేదు. జాయింటు చుట్టూ మందంగా పట్టించి నిలబడి చూడు. సందు ఉన్న చోట నురగ నెమ్మదిగా గుంటపడుతుంది, తర్వాత చిన్న బొక్కలా లోపలికి పోతుంది. పక్కన నురగ అలాగే ఉంటుంది. కొందరు అగరబత్తి వెలిగించి పొగ ఎటు వంగుతుందో చూస్తారు. గాలి కదలని గదిలో అది పనిచేసే మాట నిజమే. కానీ చాలా షెడ్లలో ఫిల్టరు పక్కనే క్లోరిన్ డబ్బాలు పెట్టుకుంటారు. ఆ పొడి దగ్గర నిప్పు పెట్టడం చేతులారా ప్రమాదం తెచ్చుకోవడమే. డబ్బాలు అక్కడే ఉంటే అగరబత్తి మాట మరిచిపో.

ఈ నురగ పద్ధతి నేను నా తప్పు నుంచే నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట తిరుపతిలో ఒక లాడ్జి పూల్‌కు ఇదే జబ్బు వచ్చింది. ఓ-రింగ్ మార్చాను, ఎంటీఏ మార్చాను, చివరికి ఇప్పుడు నీ మెకానిక్ చెప్పిన మాటే చెప్పి కొత్త మోటారు కూడా పెట్టించాను. బుడగలు అలాగే ఉన్నాయి. ఓనర్ ఏమీ అనలేదు, కుర్చీ తెప్పించుకుని పూల్ గట్టున కూర్చున్నాడు. అంతకంటే తిట్టి ఉంటే నయం. నాకేం తోచక స్కిమ్మర్ లైను బాల్ వాల్వు మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాను. పూల్ దగ్గర ఆడుకుంటున్న వాచ్‌మన్ కొడుకు 'అన్నా, బుడగలు ఆగిపోయినాయి' అని అరిచాడు. చెయ్యి తీస్తే మళ్లీ వచ్చాయి. ఆనిస్తే ఆగాయి. వాల్వు హ్యాండిల్ కింద కాడ చుట్టూ ఉండే చిన్న ఓ-రింగ్ ఎండకు ఎండిపోయింది. హ్యాండిల్‌ను పక్కకు నొక్కితే సందు మూసుకుంటోంది. పాత మోటారు బాగానే ఉంది, దాన్ని మళ్లీ బిగించి కొత్తది వెనక్కి పంపించాను. కూలి అడగడానికి నాకు నోరు రాలేదు. అందుకే నురగ పట్టించేటప్పుడు జాయింట్లతో ఆగకు, ప్రతి వాల్వు హ్యాండిల్ మొదట్లో కూడా పెట్టు. నొక్కి కూడా చూడు.

షెడ్డులో ఏదీ తేలలేదనుకో. అప్పుడు ఏ లైను దొంగో పట్టాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు పూల్‌లో మనుషులు ఉండకూడదు, ఒక్కరు కూడా. ఒకే నోటినుంచి పీల్చేటప్పుడు అడుగు జాలీ దగ్గర ఒళ్లో జుట్టో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. అందరినీ బయటికి పంపి, ఆ అడుగు జాలీ నుంచి వచ్చే లైనుది, అంటే మెయిన్ డ్రెయిన్ వాల్వు తెరిచి ఉంచి స్కిమ్మర్ వాల్వు మూసెయ్యి. ఐదు నిమిషాల్లో మూతలో గాలి తగ్గి నీళ్లు నిండితే దొంగ స్కిమ్మర్ లైనులో ఉన్నాడు. తగ్గకపోతే స్కిమ్మర్ తెరిచి డ్రెయిన్ మూసి చూడు. పూల్ ఊడ్చే గొట్టం తగిలించే వ్యాక్యూమ్ పాయింటుకు విడిగా లైను ఉంటే దాన్ని కూడా అలాగే. రెండూ ఒకేసారి మూయకు. ఏది మూసినా గాలి అంతే ఉంటే, సందు ఆ లైన్లు కలిసిన చోటికీ మోటారుకూ మధ్యలో ఉంది, మళ్లీ షెడ్డులోకే రా. పూల్ ఊడ్చేటప్పుడు మాత్రమే బుడగలు వస్తుంటే ఇదంతా అక్కర్లేదు, ఆ వ్యాక్యూమ్ గొట్టానికి చిల్లు పడి ఉంటుంది.

వెతికినన్ని రోజులూ ఫిల్టరు తల మీద ఉన్న ఎయిర్ రిలీజ్ మరిచిపోవద్దు. లోపలికి పోయిన గాలంతా ఫిల్టరు పైభాగంలో చేరి ఒత్తుకుని ఉంటుంది. నీళ్లు ఒత్తితే ఒదగవు, గాలి మాత్రం స్ప్రింగులా అణిగి కూర్చుంటుంది. అలా అణిగిన గాలి ఉండగా ఫిల్టరు మూత బిగింపు వదిలితే ఆ మూత తుపాకీ గుండులా లేస్తుంది. మోటారు వేసే ముందు రిలీజ్ తెరువు, గాలి పోయి నీళ్లు సన్నగా చిమ్మేదాకా ఉంచి అప్పుడు మూయి. ఆ సమయంలో ఫిల్టరు మీదికి వంగి నిలబడకు. గేజు ముల్లు వణుకుతూ పైకీ కిందికీ ఊగుతుంటే ఇంకా గాలి పోతూనే ఉన్నట్టు. ఫిల్టరులో నీళ్ల దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వు హ్యాండిల్ తిప్పాలంటే మోటారు ఆపాకే తిప్పు. నడుస్తుండగా తిప్పితే లోపలి గ్యాస్కెట్ చెదిరి నీకు రెండో తలనొప్పి మొదలవుతుంది.

స్కిమ్మర్ లైనే దొంగ అని తేలి, షెడ్డులో పైకి కనిపించే భాగమంతా బాగుంటే మిగిలింది భూమిలో పైపు. తోటలో ట్రాక్టరు ఏ దారిన తిరుగుతుందో చూడు. అడుగు లోతులో పాతిన పైపు మీదుగా మామిడికాయల ట్రాక్టరు నాలుగు సీజన్లు తిరిగితే ఎల్బో దగ్గర అతుకు విడిపోవడం వింతేం కాదు. ఇంకో ఆనవాలు ఉంది. గట్టున నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, మోటారు నడిచిన పన్నెండు గంటల్లో ఎంత తగ్గిందో, ఆపిన పన్నెండు గంటల్లో ఎంత తగ్గిందో రెండు మూడు రోజులు చూడు. పగటి ఎండ లెక్క తారుమారు చేయకుండా రెండు రాత్రులు పోల్చు, ఒక రాత్రి నడిపి, ఒక రాత్రి ఆపి. ఆపిన రాత్రి ఎక్కువ తగ్గితే సక్షన్ పైపుకు నీటిమట్టం కంటే దిగువన సందు ఉంది. మోటారు తిరిగేటప్పుడు గాలి పీల్చే ఆ సందే, ఆగినప్పుడు మట్టిలోకి నీళ్లు వదులుతోంది.

అయినా వెంటనే గట్టు టైల్స్ పగలగొట్టించకు. స్కిమ్మర్ వైపు రబ్బరు ప్లగ్గు బిగించి, షెడ్డు వైపు నుంచి చేతి పంపుతో ఆ లైనులో నీళ్లు నింపి, గేజు మీద 15 పీఎస్‌ఐ దాకా ఎక్కించి వదిలెయ్యమను. కంప్రెసర్ గాలితో ఎక్కిస్తామంటే ఒప్పుకోకు, పాత పీవీసీ పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. పావుగంటలో ముల్లు కిందికి జారకపోతే భూమిలో పైపు బాగున్నట్టే, స్కిమ్మర్ బాడీకీ పైపుకూ మధ్య అతుకు చూడాలి. జారితే ట్రాక్టరు దారి మీదే మొదటి గుంట తవ్వించు. కొత్త అతుకు వేశాక సొల్యూషన్‌ను ఒక రోజంతా ఆరనిచ్చి, మళ్లీ అదే 15 ఎక్కించి ముల్లు నిలిచాకే మట్టి కప్పించు.